పని చేతికొచ్చాక డిజైన్ నిజంగా ఎలా నడుస్తుంది? (చపాటా కారం లేబుల్ చర్చ)

గీతలపిల్ల (హనుమకొండ)

అందరికీ నమస్కారం. గ్రాఫిక్ డిజైన్ కోర్సు అయిపోయి ఇంటి నుంచే చిన్న చిన్న పనులు పట్టుకుంటున్నాను. కోర్సులో ఐదు మెట్లు నేర్పారు: వాడేవాళ్లను అర్థం చేసుకోవడం, సమస్య తేల్చుకోవడం, ఆలోచనలు పోగేయడం, నమూనా చేయడం, పరీక్షించడం. నోట్సులో బాగానే ఉంది. ఇప్పుడు అసలు పని వచ్చింది. మన వరంగల్ వైపు ఒక మహిళా సంఘం వాళ్లు చపాటా అనే రకం మిర్చి కారం పట్టించి ప్యాకెట్లలో అమ్ముతారట. లేబుల్ నేను చేయాలి. వాళ్లు చెప్పింది ఇంతే: "మంచిగ అట్రాక్టివ్‌గ ఉండాలె బిడ్డా. ఎర్రగ ఉండాలె. అమ్మవారి బొమ్మ పెడితే ఇంకా మంచిది."

ఇందులో ఏ మెట్టు నుంచి ఎక్కాలో తెలియట్లేదు. ల్యాప్‌టాప్ తెరిస్తే డిజైన్ల బొమ్మలు దొరికే పిన్‌ట్రెస్ట్ సైట్‌లోనే పొద్దుపోతోంది. సీనియర్లను అడుగుతున్నాను. మీది ఏ ఫీల్డయినా సరే, పని వచ్చిన రోజు నుంచి ఇచ్చేసే రోజు దాకా మీ చేతిలో అది ఎలా నడుస్తుంది? ఎక్కడ మొదలుపెడతారు, ఎక్కడ ఇరుక్కుంటారు, ఇక చాలు అని ఎప్పుడనుకుంటారు?

ఫ్లెక్స్‌షాపు (హనుమకొండ చౌరస్తా)

మా ప్రాసెస్ చెప్తా, రాసుకోండి. కస్టమర్ పక్కన స్టూలేసుకుని కూర్చుంటాడు. "అన్నా, నా ఫొటో ఇంకింత పెద్దగ" అంటాడు. పెడతా. "గట్లయితే మా లీడర్ ఫొటో చిన్నగైతది" అంటాడు. దాన్నీ పెంచుతా. పేరు పెట్టడానికి జాగా ఉండదు. పొద్దుగూకే లోపల కర్రలకు కట్టాలి. ఇదే ప్రాసెస్.

నవ్వుకోండి గానీ, ఇన్నేళ్లలో నాకర్థమైంది ఏందంటే, ఏం కావాలని అడిగితే ఎవ్వరూ చెప్పలేరు. తప్పుగా పెట్టి చూపిస్తే మాత్రం నిమిషంలో చెప్పేస్తారు. బర్త్‌డే ఫ్లెక్సీలో కలర్లు, పూలు, మెరుపులు అన్నీ ఉత్తవే. ఎవరి ఫొటో పైన, ఎవరిది పక్కన, ఎవరి తలకాయ ఎవరికన్నా పెద్దది, అసలు బ్రీఫంతా, అంటే వాళ్లకు కావాల్సిందంతా, అదే. అది నోటితో చెప్పుకుంటే బాగుండదు కదా. అందుకే స్క్రీన్ మీద చూసినప్పుడే బయటకొస్తది.

చెల్లే, పిన్‌ట్రెస్ట్ బంద్ చేసి ఏదో ఒకటి గీసి వాళ్ల ముందు పెట్టు.

సుద్దముక్క (జనగామ, ప్రస్తుతం హైదరాబాద్)

డిజైన్ కాలేజీలో పాఠాలు చెప్పేవాడిని కాబట్టి ఫ్లెక్స్‌షాపు అన్నతో గొడవ పడతానని అనుకుంటున్నారేమో. ఆయన ఒక్క పేరాలో చెప్పింది మేం సెమిస్టరంతా సాగదీసి చెప్తాం, అంతే తేడా.

1973లో హార్స్ట్ రిట్టెల్, మెల్విన్ వెబర్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు పట్టణ ప్రణాళికల గురించి రాస్తూ ఒక రకం సమస్యల్ని విడిగా తీసి చూపించారు. లెక్కల పుస్తకంలో సమస్య ముందుంటుంది, జవాబు వెనక పేజీలో ఉంటుంది. ఈ రకం వాటిల్లో జవాబు కోసం ప్రయత్నించేదాకా సమస్యే పూర్తిగా కనపడదు. లేబుల్ చిన్న పనే కావచ్చు, దాని స్వభావమూ ఇదే.

బ్రయాన్ లాసన్ అనే ఆయన 1970లలో చేసిన ప్రయోగం నాకు చాలా ఇష్టం. ఆఖరి సంవత్సరం ఆర్కిటెక్చర్ విద్యార్థులకు, పైచదువుల్లో ఉన్న సైన్స్ విద్యార్థులకు రంగుల దిమ్మెలిచ్చాడు. బయటి వైపు ఫలానా రంగు వీలైనంత ఎక్కువ కనపడేలా పేర్చాలి. లోపల ఒక నియమం దాగి ఉంటుంది, అది ముందుగా చెప్పరు. సైన్స్ వాళ్లు మొదట ఆ నియమమేంటో కనిపెట్టే పనిలో పడ్డారు. ఆర్కిటెక్చర్ వాళ్లు బాగుందనిపించిన అమరిక ఒకటి పెట్టి, కుదరదంటే దాని పక్కది పెట్టి చూశారు. అప్పుడే కాలేజీలో చేరిన పిల్లల్లో మాత్రం ఈ తేడా అంతగా కనపడలేదు. అంటే పుట్టుకతో వచ్చిన గుణం కాదిది, పని మీద అబ్బిన అలవాటు.

ఇక ఆ ఐదు మెట్ల సంగతి. అది అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ డిజైన్ స్కూల్ (డి-స్కూల్) వాళ్లు ప్రచారంలోకి తెచ్చిన పటం. 2004లో బ్రిటన్ డిజైన్ కౌన్సిల్ వాళ్లు గీసిన జంట వజ్రాల బొమ్మ ఇంకోటి ఉంది: ఒకసారి విప్పారి ముడుచుకోవడం, మళ్లీ విప్పారి మళ్లీ ముడుచుకోవడం. మొదటిసారి సమస్య కోసం, రెండోసారి జవాబు కోసం. రెండూ తప్పు కాదు. మొదటి ఏడాది పిల్లలకు నేర్పడానికి, పని ఎక్కడిదాకా వచ్చిందో క్లయింటుకు చెప్పడానికి బాగా పనికొస్తాయి. చెయ్యి కదిలేటప్పుడు ఆ వరస ఎవరికీ గుర్తుండదు. నేనైతే విద్యార్థుల ఫైళ్లలో ఐదు మెట్లు మరీ శుభ్రంగా కనపడితే, పనంతా అయిపోయాక ముందు రోజు రాత్రి కూర్చుని రాశారని అనుకుంటాను.

గీతలపిల్ల (హనుమకొండ)

థాంక్యూ సార్, థాంక్యూ అన్నా. కానీ ఒక భయం. అర్ధంపర్ధం లేని గీతలు తీసుకెళ్లి చూపిస్తే "ఈ పిల్లకు పని రాదు" అనుకోరా? అసలే మొదటిసారి.

ఫ్లెక్స్‌షాపు (హనుమకొండ చౌరస్తా)

కంప్యూటర్‌లో చేసి చూపిస్తే అనుకుంటారు. కాగితం మీద పెన్సిల్‌తో చూపిస్తే అనుకోరు. పెన్సిల్ గీతను ఎవ్వరూ ఫైనల్ అనుకోరు. తీరిగ్గా ఫాంట్లు, షాడోలు పెట్టి చూపించినవనుకో, ఇక వాళ్లు అసలు విషయం వదిలేసి పువ్వు కలర్ గురించి మాట్లాడతరు.

మగ్గంపక్కన (కొత్తవాడ, వరంగల్)

నాది నేత కుటుంబం. మా వీధిలో జంపఖానాలు (డరీలు) నేస్తారు. వరంగల్ డరీలకు 2018లో జీఐ (ఫలానా ప్రాంతపు సరుకు అని ఇచ్చే) గుర్తింపు వచ్చాక హైదరాబాద్, ఢిల్లీ నుంచి డిజైనర్లు వస్తూ ఉంటారు. వాళ్లకూ నేసేవాళ్లకూ మధ్యలో మాట్లాడి గ్రాఫ్ గీసి ఇవ్వడం నా పని.

మా దగ్గర ఆలోచన మగ్గం నుంచే మొదలవుతుంది. ఒక అమ్మాయి వచ్చి ల్యాప్‌టాప్‌లో గుండ్రటి తామరపువ్వు చూపించింది. చాలా బాగుంది. గ్రాఫ్ కాగితం మీద గడులు నింపుతుంటే రేకుల వంపులన్నీ మెట్లు మెట్లుగా మారాయి. పడుగు దారాలు నిలువుగా, పేక దారాలు అడ్డంగా పోతాయి కాబట్టి ఏటవాలు గీత ఏదైనా మెట్లుగానే వస్తుంది. ఆమె ముఖం చిన్నబోయింది. మా పెద్దాయన ఇంకో సంగతి చెప్పారు. ఒక రంగు ఆగి పక్క రంగు మొదలయ్యే చోట నిటారు గీత గనక ఉంటే, రెండు పేకలనూ ఒకదానిలో ఒకటి మెలేసి వెనక్కి తిప్పాలి. లేకపోతే అక్కడ చీలిక పడుతుంది. ఎన్ని నిటారు గీతలుంటే అన్ని మెలికలు, ప్రతి మెలికా కూలీలో లెక్కే. మెట్ల గీతకు ఆ బాధ తక్కువ.

ఆ అమ్మాయి కాసేపు మగ్గం పక్కన ఊరికే కూర్చుంది. తర్వాత పువ్వు తీసేసి, మెట్లనే పెద్దవి చేసి, వరంగల్ కోట తోరణాల దగ్గరి రాతి చెక్కడాల మాదిరి గడులతో కొత్తగా గీసింది. మొదటిదానికన్నా అదే బాగుంది, నేయడానికీ తేలిక. మగ్గం ఒప్పుకోని వాటిని తీసేస్తూ పోతే సగం డిజైన్ దానంతటదే తేలుతుంది.

మీ లేబుల్‌కు మగ్గం ఏదో ముందు తెలుసుకోండి. అంటే ఏ కవరు, ఏ ప్రింటు, ఎన్ని ప్యాకెట్లు? అవి తెలియకుండా రంగులు ఎంచుకుంటే ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

స్క్రీన్‌పని (కరీంనగర్)

నేను ఫోన్ యాప్‌లకు డిజైన్ చేస్తాను. పైన అందరూ "ముందు గీయి" అంటున్నారు, నేను ఒప్పుకోను. ముందు వెళ్లి చూడాలి. రైతుల కోసం చేసిన ఒక యాప్‌కు మా టీమ్ అక్షరాలు పెద్దవి చేసి, బటన్లు పెద్దవి చేసి, పెద్దవాళ్లకు అనుకూలంగా ఉందని మురిసిపోయింది. జగిత్యాల వైపు ఊళ్లకు వెళ్లి కూర్చుంటే కనపడింది వేరే. తాత ఫోన్ తీసి మనవడి చేతిలో పెడతాడు. వాడు టకటకా నొక్కి "తాతా, నీ ఆధార్ నంబరెంత?" అని అడుగుతాడు. ఫోన్ తాతది, వేలు మనవడిది. అప్పుడు ప్రశ్నే మారిపోయింది: మనవడు చదివి వినిపిస్తే తాతకు అర్థమయ్యేలా ఏ మాటలు రాయాలి? ఆఫీసులో కూర్చుని ఎన్ని స్కెచ్‌లు గీసినా ఈ ప్రశ్న వచ్చేది కాదు.

కాబట్టి చెల్లీ, ఒక పూట ఏదైనా కిరాణా కొట్టు దగ్గర నిలబడు. కారం ప్యాకెట్ ఎవరు కొంటున్నారు, చేతిలోకి తీసుకుని ఏ వైపు తిప్పుతున్నారు, నొక్కి చూస్తున్నారా, రేటు చూస్తున్నారా? తర్వాత సంఘం వాళ్లను "మీకెలాంటి లేబుల్ కావాలి" అని అడక్కు. "ఇప్పటిదాకా కొన్నవాళ్లు ఏమన్నారు" అని అడుగు. ముఖ్యంగా తిట్టినవాళ్లు ఏమన్నారో అడుగు.

కొత్తబ్యాచ్ (హసన్‌పర్తి)

ఇంత తతంగం ఎందుకు బ్రో? ఏఐకి నాలుగు ముక్కలు చెప్తే పది లేబుళ్లు పడేస్తుంది, బాగున్నది పంపించేయ్.

గీతలపిల్ల (హనుమకొండ)

కొత్తబ్యాచ్ గారూ, అదీ చేసి చూశాను. వచ్చిన బొమ్మలన్నిట్లోనూ సన్నగా పొడుగ్గా ఉండే మిర్చే. మన చపాటా గుండ్రంగా, బొద్దుగా, టమాటలాగా ఉంటుంది, ఊళ్లలో టమాట మిర్చి అనే పిలుస్తారు. ఎంత చెప్పినా దానికి ఎక్కలేదు, చివరికి క్యాప్సికం గీసింది. తెలుగు అక్షరాలైతే ఏ భాషో దేవుడికే తెలియాలి.

స్క్రీన్‌పని అన్నా, మీరు చెప్పినట్టే సంఘం ఆంటీలను అడిగాను. విషయం అక్కడ బయటపడింది. మొన్న ఒక ఎగ్జిబిషన్‌లో స్టాల్ పెట్టారట. కొన్నవాళ్లలో కొందరు తిరిగొచ్చి "ఇదేం కారం, ఘాటే లేదు, కల్తీ చేశారా" అని గొడవ పడ్డారట. చపాటా స్వభావమే అది కదా, రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. అందుకే పచ్చళ్లకు అడిగి మరీ తీసుకుంటారు. ఆంటీలకు ఇది చిన్నప్పటి నుంచి తెలుసు, అందుకే నాకు చెప్పాల్సిన విషయమని వాళ్లకు తట్టలేదు.

ఇంకొకటి. కొట్టు దగ్గర నిలబడితే తెలిసింది, ఎక్కువమంది ప్యాకెట్ ముందు వైపు చదవరు. కవర్‌లోంచి పొడి రంగు చూస్తారు, తర్వాత రేటు.

సుద్దముక్క (జనగామ, ప్రస్తుతం హైదరాబాద్)

శభాష్ అమ్మా. నీ పని మారిపోయింది చూశావా? "అట్రాక్టివ్‌గా ఉండాలి" అనేది పోయి "ఘాటు తక్కువుండడం లోపం కాదు, దీని గుణమే అది అని కొనేముందే తెలియాలి" అయింది. నువ్వూ వాళ్లూ కలిసి ఇప్పుడు బ్రీఫ్ రాశారు. చాలామంది దీన్ని మొదటి రోజు క్లయింటు కవర్లో పెట్టి ఇస్తాడని ఎదురుచూస్తారు.

స్క్రీన్‌పని గారితో నాకు పెద్ద తేడా లేదు. చూడటం, గీయటం ఏది ముందైనా పర్లేదు, రెండిటి మధ్యా నెల గడవకూడదు.

పిన్‌ట్రెస్ట్ గురించి మాత్రం గట్టిగా చెప్తాను. 1991లో జాన్సన్, స్మిత్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంజినీరింగ్ విద్యార్థులకు, ఇంజినీర్లకు కొన్ని డిజైన్ సమస్యలిచ్చారు. కొందరికి ఒక నమూనా కూడా చూపించారు. ఆ నమూనాలో కావాలనే లోపాలుంచారు. నమూనా చూసినవాళ్ల డిజైన్లలోకి ఆ లోపాలూ వచ్చేశాయి. కొన్ని సందర్భాల్లో ఫలానాది వాడకూడదని స్పష్టంగా చెప్పినా వచ్చేశాయి. కంటికి ముందు పడినది చేతిని వదలదు. నీ సొంత గీతలు కొన్ని పడ్డాక చూడు, అప్పుడు అదే పిన్‌ట్రెస్ట్ ఉపయోగపడుతుంది.

కొత్తబ్యాచ్ (హసన్‌పర్తి)

అంటే ఏఐ బొమ్మలు చూసినా అంతేనా సార్?

సుద్దముక్క (జనగామ, ప్రస్తుతం హైదరాబాద్)

ఇంకా ఎక్కువే. అవి పూర్తయినట్టు కనపడతాయి కదా. పెన్సిల్ గురించి అన్న పైన చెప్పింది మళ్లీ చదువు.

వెల్డింగ్‌బాబాయ్ (కాజీపేట)

లేబుళ్ల సంగతి నాకు తెలియదు. చిన్న చిన్న మిషన్లు తయారు చేసే వర్క్‌షాపు నాది. ఇరుక్కోవడం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను.

ఆలేరు చింతకింది మల్లేశం గారి ఆసు యంత్రం కథ మనవాళ్లకు తెలిసిందే. పోచంపల్లి రకం చీరకు ఆసు పోయాలంటే, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ చుట్టాలంటే, ఒక్క చీరకు దాదాపు 9000 సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించాలి. వాళ్లమ్మ భుజాల నొప్పి చూడలేక 1992లో మొదలుపెట్టాడు, 1999లో గానీ పూర్తవలేదు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. అందరూ పట్టుదల గురించి చెప్తారు. మా పనివాళ్లకు మాత్రం ఆ కథలో నచ్చేది వేరే ముక్క. యంత్రంలో మిగతా భాగాలన్నీ ఒక దారికొచ్చాక ఒక్క కదలిక దగ్గర ఆగిపోయాడు. హైదరాబాద్ బాలానగర్‌లో వేరే పని మీద ఒక యూనిట్‌కు వెళ్లినప్పుడు అక్కడ తిరుగుతున్న ఒక మిషన్ కదలిక చూసి తన చిక్కు విడగొట్టుకున్నాడు.

ఆ మిషన్ పక్కన రోజూ ఎంతమంది పనిచేసి ఉంటారు? వాళ్లకు అందులో ఆసు కనపడలేదు. కనపడాలంటే ఆ చిక్కు అప్పటికే బుర్రలో తిరుగుతూ ఉండాలి. అందుకే మా కుర్రాళ్లకు చెప్తాను, ఇరుక్కున్నప్పుడు అక్కడే కూర్చుని గోళ్లు కొరుక్కోవద్దు, అలాగని వదిలేసి సినిమాకూ పోవద్దు. ఇంకో షెడ్డుకు పోయి ఇంకొకరి పని చూడండి. ఎక్కడ ఇరుక్కున్నారో మాత్రం ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. "అంతా ఆగిపోయింది బాబాయ్" అంటే నేనేం చేయను? "ఈ చక్రం వెనక్కి తిరిగేటప్పుడు దారం వదులవుతోంది" అని చెప్పగలిగితే సగం దారి వచ్చినట్టే.

సుద్దముక్క (జనగామ, ప్రస్తుతం హైదరాబాద్)

బాబాయ్, మీరు చెప్పినదాన్నే 1926లో గ్రాహం వాలస్ అనే ఆయన నాలుగు దశలుగా రాశాడు. సిద్ధపడటం, పక్కన పెట్టి నాననివ్వడం, తట్టడం, తట్టింది సరైందో కాదో సరిచూడటం. మా పిల్లలు రెండో దశ ఒక్కటే శ్రద్ధగా పాటిస్తారు.

నకాషీఅభిమాని (సిద్దిపేట)

చేర్యాల పటాల గురించి ఒక మాట చెప్పాలి, ఈ లేబుల్‌కూ పనికొస్తుంది.

ఆ పటాలను ఇప్పుడు గోడకు వేలాడదీసుకుంటున్నాం గానీ, వాటి అసలు కస్టమర్ కథ చెప్పే కళాకారుడు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేవాళ్లు వేరు, ఇంకో కులానికి కథ చెప్పేవాళ్లు వేరు. పటం నిలువుగా విప్పుతూ ఒక్కో గడి చూపించి కథ పాడాలి. అంటే గడుల వరస కథ వరసే. రాత్రిపూట దూరంగా కూర్చున్నవాళ్లకు కూడా బొమ్మ తెలియాలి, అందుకు ఆ ఎర్రటి నేపథ్యం ఎంత పనికొస్తుందో ఊహించుకోండి. నకాషీ చిత్రకారుడు సుద్ద, చింతగింజల అంబలి పట్టించిన బట్ట మీద పెన్సిల్ లేకుండా నేరుగా కుంచెతోనే గీస్తాడు. తర్వాత ఎరుపు నింపుతాడు, ఆ తర్వాత మిగతా రంగులు, చివర్లో నల్ల గీత.

చూసేవాడికి ఇదంతా అలవోకగా వచ్చినట్టు ఉంటుంది, స్కెచ్ లేదు, రబ్బరు లేదు. కానీ ఆ కుటుంబాల్లో తరతరాలుగా జరిగిన దిద్దుబాట్లన్నీ ఆ ఒక్క గీతలో ఉన్నాయి. సీత ఎలా నిలబడాలి, రాక్షసుడి కన్ను ఎంతుండాలి అన్నవి ఎప్పుడో తేలిపోయాయి. కాబట్టి పెద్ద డిజైనర్లు ఒక్క దెబ్బకు గీసేశారన్న కథలు విని కంగారు పడకండి.

లేబుల్ మీద అమ్మవారి బొమ్మ గురించి ఎవరూ మాట్లాడలేదు. కారం అయిపోయాక ఆ ప్యాకెట్ ఎక్కడికి పోతుంది? చింపి చెత్తబుట్టలో వేస్తారు, లేదా కాలి కింద పడుతుంది. ఈ మాట చెప్పండి, ఆంటీలే వద్దంటారు.

గీతలపిల్ల (హనుమకొండ)

చెప్పాను. ఒక్క క్షణం కూడా పట్టలేదు, "అవును బిడ్డా, వద్దు వద్దు" అన్నారు. నేనేమో ఎలా కాదనాలా అని టెన్షన్ పడుతూ కూర్చున్నాను.

పెన్సిల్ స్కెచ్‌లు తీసుకెళ్లాను. ఒకదాంట్లో పెద్ద చపాటా కాయ మధ్యలో. ఇంకోదాంట్లో కాయ లేదు, "రంగు నిండుగా, ఘాటు తక్కువగా" అని పెద్ద అక్షరాలు, కింద పచ్చడి జాడీ. వాళ్లలో ఒకావిడ రెండోది చేతిలోకి తీసుకుని జాడీ మీద వేలు పెట్టి "దీన్ని చూస్తే పచ్చడి ప్యాకెట్ అనుకుంటరు" అంది. నిజమే. కాయ మొదటిదాంట్లోంచి, మాట రెండోదాంట్లోంచి తీసుకుని ఇప్పుడు ఇంకోటి గీస్తున్నాను. "ఓరుగల్లు చపాటా మిర్చి కారం" అని పేరు ఖాయం చేశారు. రెండు వరసలు చేస్తే ఒత్తులు తగులుకుంటున్నాయి, అదొక్కటి చెప్పండి.

లైన్‌స్పేసింగ్ (హనుమకొండ)

ఇన్నాళ్లకు నా సబ్జెక్ట్ వచ్చింది.

డిజైన్ సాఫ్ట్‌వేర్లలో వరసల మధ్య ఎడం ఇంగ్లిష్ అక్షరాల కొలతతో పెట్టి ఉంటుంది. ఇంగ్లిష్‌లో అక్షరం కిందికి దిగేది కొంచెమే. మనకు కింద ఒత్తు, పైన గుడి, తలకట్టు. "ఓరుగల్లు" పైన పెట్టి "మిర్చి" కింద పెడితే, ల కింద ఒత్తు దిగి వస్తుంది, మి మీది గుడి ఎగసి దానికి తగులుతుంది. అందరూ చేసే పని ఎడం పెంచడం. పెంచితే పేరు రెండు ముక్కలై, రెండు వేర్వేరు మాటల్లా కనపడుతుంది.

ముందు విరుపు మార్చి చూడండి. "ఓరుగల్లు" ఒక్కటే చిన్న సైజులో పైన, దాని కింద "చపాటా" పెద్దగా. చపాటా అనే మాటలో ఒత్తే లేదు, గుడీ లేదు, రెండు దీర్ఘాలతో పొట్టిగా వెడల్పుగా కూర్చుంటుంది. పెద్ద అక్షరాలకు ఇంతకన్నా అనువైన మాట దొరకదు. "మిర్చి కారం" కింద మళ్లీ చిన్నగా. ర్చి కింద ఒత్తు దిగినా దాని కింద ఖాళీయే కాబట్టి గొడవ లేదు. ఓరుగల్లు ఒత్తు సరిగ్గా చ, పా మధ్య సందులోకి దిగేలా పై వరసను కొంచెం పక్కకు జరపండి. ఇది కంటితో చేయాలి, సాఫ్ట్‌వేర్ చేయదు.

ఫాంట్ విషయానికొస్తే రామభద్ర, ఎన్‌టీఆర్, మండలి లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. రామభద్ర బొద్దుగా ఉంటుంది, కాయ ఆకారానికి కుదరొచ్చు. మీ ప్రింటర్ దగ్గర యూనికోడ్ కాని పాత రకం అను ఫాంట్లు ఉంటాయి, ఆయన టైప్ చేసి ఇస్తానంటాడు. పేరును అక్షరాలుగా కాకుండా ఔట్‌లైన్లు చేసి, అంటే బొమ్మ గీతలుగా మార్చి పంపండి, లేకపోతే అక్కడ తెరిచేసరికి ఏ అక్షరం ఎక్కడుంటుందో చెప్పలేం.

ఫ్లెక్స్‌షాపు (హనుమకొండ చౌరస్తా)

"మీ ప్రింటర్" అని లైన్‌స్పేసింగ్ తమ్ముడు ఎవర్ని ఉద్దేశించి అన్నాడో నాకర్థమైంది. సరే, కడుపులో పెట్టుకుంటా.

ఇప్పుడు ప్రింటు సంగతి. కొత్తవాడ అన్న అడిగిన ప్రశ్నకు జవాబు ఇదీ. కవరు మీదనే ప్రింటు కావాలంటే ఒక్కో రంగుకు ఒక్కో సిలిండర్ (ప్రింటు అచ్చు) చేయించాలి, ఆర్డర్ కూడా భారీగా ఇవ్వాలి. సంఘం వాళ్లకు అది ఇప్పుడు దండగ. రెడీమేడ్ ట్రాన్స్‌పరెంట్ కవరు కొని స్టిక్కర్ వేసుకోవడమే నయం. స్టిక్కర్ అయితే డిజిటల్‌లో ఎన్ని రంగులైనా ఒకే ఖర్చు, తక్కువ సంఖ్యలో అయినా కొట్టిస్తారు, రేపు మాట మార్చాలన్నా మార్చొచ్చు.

"ఎర్రగ ఉండాలె" అన్నారు కదా. కవర్లో ఉండేది ఎర్ర కారం. దాని మీద ఎర్ర స్టిక్కర్ వేస్తే రెండూ కలిసిపోయి లేబులే కనపడదు. పైగా స్టిక్కర్ ఎరుపు ఒక రకం, కారం ఎరుపు ఇంకో రకం. పక్కపక్కన పెడితే ఏదో ఒకటి మాసినట్టు కనపడుతది, మాసేది ఎప్పుడూ కారమే. ఎరుపు కారానికి వదిలేయ్. స్టిక్కర్ తెల్లగానో లేత పసుపుగానో ఉంచు, చిన్నగా చెయ్యి, కారం బాగా కనపడేటట్టు. జనం పొడి రంగే చూస్తున్నారని నువ్వే చెప్పినవ్.

మర్చిపోతే మొత్తం మళ్లీ కొట్టించాల్సినవి: ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార లైసెన్సు) నంబరు, నికర బరువు, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలి, బ్యాచ్, ఎంఆర్‌పీ, చిరునామా, కంప్లయింట్లకు ఫోన్ నంబరు, శాకాహారం గుర్తు. ఆ ఆకుపచ్చ చుక్క వెనక రంగు మీద కొట్టొచ్చినట్టు కనపడాలి. అక్షరాలు కనీసం ఎంత ఎత్తుండాలో కూడా రూలుంది, చూసుకో. ఇవన్నీ పెట్టినంక మిగిలిందే నీ డిజైన్ జాగా. అందుకే వీటిని ముందే పెట్టుకోవాలి.

మగ్గంపక్కన (కొత్తవాడ, వరంగల్)

ఇంకోటి చేర్చుకోండి. వరంగల్ చపాటా మిర్చికి 2025లో జీఐ వచ్చింది. దాన్ని చూసి జీఐ లోగో లేబుల్ మీద పెట్టేయకండి. అధీకృత వాడకందారుగా నమోదైనవాళ్లే ఆ గుర్తు వేసుకోవాలి. సంఘం వాళ్లో, వాళ్లు కాయలు కొన్న రైతులో నమోదయ్యారేమో కనుక్కోండి. లేకపోతే నమోదు చేయించుకునేదాకా ఒక మూల ఆ జాగా ఖాళీగా ఉంచండి. స్టిక్కరే కాబట్టి తర్వాత చేర్చుకోవచ్చు.

స్క్రీన్‌పని (కరీంనగర్)

ఎన్ని ఆప్షన్లు చూపించాలి అన్నది కూడా తేల్చుకోండి. నేనైతే మూడు.

ఫ్లెక్స్‌షాపు (హనుమకొండ చౌరస్తా)

మూడు చూపిస్తే మూడింటిలోంచి తలా ఒక ముక్క తీసి అతికించమంటారు. ఒక్కటే చూపించాలె.

స్క్రీన్‌పని (కరీంనగర్)

ఒక్కటే చూపిస్తే మొహమాటానికి బాగుందంటారు. ఇంటికెళ్లాక ఫోన్ చేస్తారు.

సుద్దముక్క (జనగామ, ప్రస్తుతం హైదరాబాద్)

అమ్మాయి రెండు స్కెచ్‌లు పట్టుకెళ్లింది. ఒకటి కాయ చెప్పింది, ఇంకోటి మాట చెప్పింది. రెండూ వేర్వేరు ప్రశ్నలు. అందుకే జాడీ మీద వేలు పడింది. ఒకే లేబుల్‌ను మూడు రంగుల్లో చూపిస్తే మాత్రం అవి ఆప్షన్లు కావు, చీరల షాపు. అన్న చెప్పిన అతుకుల పని అప్పుడు ఎలాగూ తప్పదు. అలా అని ముక్కలు కలపడం ప్రతిసారీ చెడ్డదేం కాదు, ఈ అమ్మాయి ఇప్పుడు చేస్తున్నది అదే.

గీతలపిల్ల (హనుమకొండ)

"చపాటా" పెద్దగా పెట్టాను, ఒత్తు సందులో సరిగ్గా దిగింది, చూస్తుంటే ముచ్చటగా ఉంది. స్టిక్కర్ లేత పసుపు. "రంగు నిండుగా, ఘాటు తక్కువగా" అన్నది పేరు కిందనే ఉంది. వెనక స్టిక్కర్ మీద "పచ్చళ్లకు, కూరలకు" అని రాసి, ఘాటు కావాలంటే మామూలు కారం కొంచెం కలుపుకోమని చెప్పాం. అది ఆంటీల ఐడియా.

ఆఖరి ప్రశ్న. అయిపోయిందని ఎలా తెలుస్తుంది? రోజూ తెరిచి ఏదో ఒకటి జరుపుతూనే ఉన్నాను.

వెల్డింగ్‌బాబాయ్ (కాజీపేట)

మాకైతే కస్టమర్ ట్రాలీ తీసుకుని వచ్చి బయట నిలబడితే అయిపోయినట్టు.

లైన్‌స్పేసింగ్ (హనుమకొండ)

నువ్వు జరిపినది నీకు తప్ప ఇంకెవరికీ కనపడట్లేదంటే ఆపేయొచ్చు. పక్కింట్లో ఎవరికైనా పాతదీ కొత్తదీ చూపించి తేడా అడుగు.

స్క్రీన్‌పని (కరీంనగర్)

నేను వేరేలా చూస్తాను. ఘాటు గొడవ ఆగిందా లేదా? వచ్చే స్టాల్‌లో కొన్నవాళ్లు మళ్లీ "ఘాటు లేదు" అని వస్తే, లేబుల్ ఎంత ముచ్చటగా ఉన్నా అవ్వలేదన్నట్టే. తక్కువ స్టిక్కర్లు కొట్టించి ఒక వారం అమ్మి చూడండి.

ఫ్లెక్స్‌షాపు (హనుమకొండ చౌరస్తా)

రేపు పొద్దున షాపుకు ఫైల్ తీసుకుని రా చెల్లే, రెండు ప్రూఫ్‌లు (నమూనా ప్రింట్లు) తీసిస్తా, పైసలేం వద్దు. వచ్చేటప్పుడు కారం నింపిన ప్యాకెట్ ఒకటి పట్టుకురా. ఖాళీ కవరు మీద అతికించి చూస్తే ఏం తెలియదు. ట్యూబ్‌లైట్ కింద ఒకసారి, బయట ఎండలో ఒకసారి చూద్దాం. పదకొండు దాటితే రాకు, పెళ్లి ఫ్లెక్సీలవాళ్లు వచ్చి కూర్చుంటారు.